లోపలి గడియ

“అవ్వా, ఈ గడియ ఏ వేషానిది?” అని అడిగింది కెజియ.

కెజియ మా చెల్లెలి మనవరాలు. హైదరాబాదులో ఉంటుంది. సినిమా పాటల్లో హీరోయిన్ వెనకాల ఆడే అమ్మాయిల్లో ఎడమవైపు చివర ఉండే అమ్మాయి. హీరోయిన్ కాస్త వంగినప్పుడు మేమందరం టీవీ ముందు ఒక్కసారిగా “అదిగో” అంటాం, అనేలోపల హీరోయిన్ లేచి నిలబడుతుంది. ఓర్వకల్లు రాళ్ల దగ్గర ఏదో పాట తీస్తున్నారని గుంపుతో పాటు బస్సులో వచ్చింది. కంపెనీ వాళ్లు ఇచ్చిన బస గురించి ఏమీ చెప్పకుండా, “నీ దగ్గర పండుకుంటా అవ్వా” అని కర్నూల్లో మా ఇంటికి చేరింది. సాయంత్రం రొట్టెలు తిన్నాక పెద్దవ్వ నాటకాల పెట్టె చూపించమంది. పెద్దవ్వ అంటే మా అమ్మ. ఆ పెట్టెలో ఏముంటాయో మా ఇంట్లో అందరికీ తెలుసు: పూసల హారాలు, అద్దాలు రాలిపోయిన వడ్డాణం, ఒక సవరం, అట్టతో చేసి తగరం అంటించిన కిరీటం. అన్నిటికీ అడుగున, పాత లంగా గుడ్డలో చుట్టి, జానెడు పొడుగున్న ఇనుప గడియ. తలుపుకు లోపలివైపు వేసేది. వడ్డాణం కంటే బరువుగా ఉంటుంది.

అది ఏ వేషానిది కాదనీ, అన్ని వేషాలదీ అదేననీ చెప్పాను. ఆ పిల్లకు అర్థం కాలేదు. కెజియ చేతిలో ఫోనుంది, ఫోనులో అంతమంది స్నేహితులున్నారు, అయినా ఆ సాయంత్రం నా వైపే చూస్తూ కూచుంది. చెప్పడం మొదలుపెట్టాక నాకే ఆగలేదు. ఇక్కడ రాస్తున్నది ఆమెకు చెప్పిందే, కొంచెం వరస సర్ది.

మాది కోడుమూరు. మా నాయన తాపీ పని చేసేవాడు, వానపడితే రెండు చెక్కల చేనులో వేరుశనగ వేసేవాడు. వాన పడని ఏళ్లలో ఇళ్లు కట్టేవాళ్లూ ఉండరు కాబట్టి రెండు పనులూ ఒకేసారి ఆగిపోయేవి. అప్పుడు ఇంటికి ఆధారం మా అమ్మ గొంతు. అమ్మ పేరు సువార్తమ్మ. నాటకాల్లో పేరు కనకాంగి. ఆదివారం గుడిలో సువార్తమ్మ, మిగతా వారమంతా ఎవరో ఒక రాజుగారి భార్య. ఇద్దరికీ ఒకటే చీరపెట్టె. గుడి అయ్యగారికి ఈ రాణి వేషాలు బొత్తిగా నచ్చేవి కావు. కానీ పాట ఎత్తాల్సింది అమ్మే. ఆమె రాని ఆదివారం సంఘమంతా తలా ఒక శృతిలో దేవుణ్ని పిలిచేది. అందుకని అయ్యగారు ప్రసంగంలో తాగుడు గురించీ, జూదం గురించీ చెప్పి, నాటకాల దగ్గరికి వచ్చేసరికి నీళ్లు తాగేవాడు.

మా వైపు పద్యనాటకం ఎలా నడిచేదో తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. ఊర్లో పొలమూ పుట్రా ఉన్న రైతు ఒకాయనకు రాజు వేషం కట్టాలని ఉంటుంది. ఖర్చు ఆయనది కాబట్టి వేషం ఆయనది. హార్మోనియం మాస్టరును పిలిపించుకుని, నెలల తరబడి ఇంట్లో పెట్టుకుని, పద్యాలు నేర్చుకుంటాడు. మంత్రి వేషం ఆయన బావమరిదిది. విలన్ వేషం ఆయనకు పడని అన్నదమ్ముడిది, అందుకే ఆ ఘట్టాలు శానా సహజంగా వచ్చేవి. ఆడవేషాలకు మాత్రం ఊర్లో ఆడవాళ్లు పనికిరారు. కోడుమూరు నుంచో కడప నుంచో మా అమ్మలాంటి వాళ్లను పిలిపించేవారు. వీళ్లకు రిహార్సల్ లేదు. ఆ రోజు సాయంత్రం దిగి, ముఖానికి రంగు వేసుకుని, అంతకు ముందు ఎన్నడూ చూడని రాజుకు భార్యగా నిలబడాలి. శృతి రాజుగారి గొంతుకు సరిపోయేలా పెట్టేవాళ్లు, ఆయనకు గొంతు ఉన్నా లేకపోయినా. పద్యం మధ్యలో రాజు మరిచిపోవడం మామూలే. రాజు ఎక్కడ మరిచిపోతే రాణికి అక్కడ ఏడుపొచ్చేది. భుజం మీద తల వాల్చి, కొంగు అడ్డం పెట్టుకుని, వెక్కిళ్ల మధ్య తరువాతి పాదం అందించేది అమ్మ. కనకాంగమ్మ ఏడిస్తే రాళ్లు కరుగుతాయని పేరొచ్చింది. ఆ పేరు రాజుల జ్ఞాపకశక్తి వల్ల వచ్చింది.

కరపత్రాలు అచ్చువేయించేవాళ్లు. రాజు వేషధారి పేరు, వాళ్ల నాయన పేరు, ఆయన చదివిన చదువు, చదవబోయి మానేసిన చదువు, అన్నీ ఉండేవి. హార్మోనియం, తబలా, మైకుసెట్టు, కరెంటు ఇచ్చిన ఇంటాయన కూడా. చివర్లో “స్త్రీ పాత్రలు: ప్రముఖ నటీమణులు” అని ఒక ముక్క. అమ్మ ఆ కాగితాలను రొట్టెల బుట్టలో అడుగున పరిచేది. నూనె బాగా పీలుస్తాయనేది.

పొద్దున లేస్తూనే మా ఇంట్లో మొదటి శబ్దం అమ్మ జొన్నరొట్టె తట్టే శబ్దం. రొట్టె తడుతూ పద్యం అనేది. ఒక రొట్టెకు ఒక పద్యం. రాగం తీసే చోట రొట్టె పలచబడేది, అందుకని మాకు రొట్టె చూస్తే ఏ పద్యమో తెలిసిపోయేది. నాటకం దగ్గరపడితే ఊరగాయ జాడీ జోలికి పోయేది కాదు, మిరియాల నీళ్లు పుక్కిలించేది. ఇల్లంతా మిరియాలు, కొబ్బరినూనె, ముఖానికి పూసే జింకు పొడి కలిసిన వాసన. ఇప్పటికీ ఏ కిరాణా కొట్లోనైనా మిరియాల డబ్బా మూత తీస్తే నాకు కొంచెం భయమేస్తుంది, ఈ రోజు ఊరికి పోవాలేమోనని.

తాంబూలం గురించి చెప్పాలి. నాటకం ఒప్పందమంటే తాంబూలమే. ఊరి పెద్దలు ఇద్దరు వచ్చి, పళ్లెంలో తమలపాకులు, వక్క, అరటిపండ్లు పెట్టి ఇచ్చేవాళ్లు. ఆర్టిస్టు అది అందుకుందంటే నాటకం రోజు ఇంకెక్కడికీ పోకూడదు. పిడుగులు పడినా పోవాల్సిందే. ఇచ్చినవాళ్లు మాత్రం నాటకం మానుకోవచ్చు, వాయిదా వేయొచ్చు, ఆడవేషానికి ఇంకొకరిని పెట్టుకోవచ్చు. తాంబూలం అందుకున్న చేతికే కట్టుబాటు. ఇచ్చిన చేతికి లేదు. క్రైస్తవుల ఇంట్లో ఇదేమిటని ఎవరూ అనుకునేవాళ్లు కాదు. అమ్మ కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసి చెయ్యి చాచేది.

కానీ చెయ్యి చాచే ముందు ఒక మాట అడిగేది. మిగతా విషయాలు నాయన చూసుకునేవాడు. ఇది మాత్రం అమ్మే.

“గదికి తలుపు ఉండాదా?”

“ఉండాదమ్మా.”

“గడియ?”

“గడియ ఎందుకుండదు? పే...ద్ద గడియ.”

“లోపలనా, బయటనా?”

అక్కడ వచ్చినవాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. మా సీమ ఊర్లలో రాణులకు ఇచ్చే గదులంటే గడ్డి కొట్టం, బడి గది, వేరుశనగ మూటలుండే గది. వాటన్నిటికీ గడియ బయటే ఉంటుంది. మూటలకూ దూడలకూ లోపలినుంచి గడియ వేసుకునే అవసరం రాదు.

ఈ ప్రశ్న ఎక్కడ పుట్టిందో నేను పెద్దయ్యాక అమ్మే చెప్పింది. నేను పుట్టకముందు ఒక ఊర్లో గదికి తలుపు బదులు పంచె కట్టారు. అమ్మ చీర మార్చుకుంటుంటే ఆ పంచెను ఒక చెయ్యి పైకెత్తింది. ఎత్తి, అలాగే పట్టుకుంది. వెనకాల నవ్వులు. అమ్మ అరవలేదు. అరిస్తే గొంతు పోతుంది, గొంతు పోతే రాణి లేదు. చీర చుట్టుకుని వచ్చి పద్యాలు పాడి ఇంటికొచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె ఏమీ చెప్పలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు అమ్మ బియ్యంలో రాళ్లేరుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ చెయ్యి ఎవరిదో ఇప్పుడు తెలిసినా ఆ ఊరికి పోయి వస్తాను.

తలుపు ఉందని చెప్పి తీరా పోతే గడియ లేని ఊర్లే ఎక్కువ. అందుకు అమ్మ చేసుకున్న ఏర్పాటు నేను. నన్ను వెంట తీసుకుపోయి, తలుపు మూసి, దానికి వీపు ఆనించి కూచోబెట్టేది. కాళ్లు ఎదురుగా ఉన్న బస్తాకు తన్నిపట్టాలి. బయటినుంచి ఎవరు తోసినా లేవకూడదు. నాతోటి పిల్లలు బడిలో ఎక్కాలు నేర్చుకునే వయసులో నేను గడియగా పనిచేశాను. బాగానే పనిచేశానని అమ్మ అందరితో చెప్పేది.

పత్తికొండ దాటాక ఒక ఊరు. పేరు చెప్పను, అక్కడివాళ్ల మనవళ్లు నాకు తెలిసినవాళ్లు. ఆ ఊరి రాజు లింగారెడ్డి. మంచి మనిషే. పద్యం మాత్రం ఆయనకు ఎండాకాలం బావిలో నీళ్లలాగా ఉండేది, చేద వేసిన ప్రతిసారీ రాదు. తాంబూలం ఇచ్చినప్పుడు తలుపూ ఉంది, లోపలి గడియా ఉందన్నారు. సాయంత్రం ట్రాక్టర్ దిగి చూస్తే బడి గదికి ద్వారబంధం ఉంది. అంతే ఉంది.

మా వెంట వచ్చిన పెద్దమనిషిని అమ్మ అడిగింది. “తలుపు యాడప్పా?”

“నీకు తాంబూలమిచ్చినప్పుడు ఉండెనమ్మా. అబద్ధం చెప్పలే. మొన్న పీర్ల పండక్కి పిల్లనాకొడుకులు గుండంలో ఏసినారు.”

పీర్ల పండక్కి మా ఊర్లలో గుండం తవ్వి నిప్పు చేస్తారు. ఊరంతా కలిసి చేసుకునే పండగ. కట్టెలు ఇళ్లనుంచి అడిగి తెస్తారు, చాలకపోతే అడగకుండా తెస్తారు. బడి తలుపును అడగడానికి బడిలో ఎవరూ లేరు. బాగా కాలిందట కూడా.

అమ్మ పెట్టెను గది ముందర దింపించి దాని మీద కూచుంది. నేను పక్కన నిలబడ్డాను, ఆనుకోవడానికి తలుపు లేదు కాబట్టి. పొద్దు ఇంకా ఉంది. కోసిగి వైపువాళ్లు సుగ్గికి, అంటే కూలి వెతుక్కుంటూ, ఊర్లు వదిలిపోయే కాలానికి ముందు రోజులవి. పోయేలోపల ఒక నాటకం చూసిపోదామని చుట్టుపక్కల ఊర్లనుంచి గోతాలు, చద్దిమూటలు పట్టుకుని జనం ముందే వచ్చి స్టేజీ ముందర చోటు పట్టుకుంటున్నారు.

హార్మోనియం మాస్టరు వచ్చాడు. “కనకాంగమ్మా, జనం కూచుండారు. రంగెయ్యాల.”

“కూచోనీ సార్. నేనూ కూచునే ఉండా.”

“నాలుగు చీరలు అడ్డం పట్టుకుంటారులేమ్మా ఆడోళ్లు.”

“పట్టుకున్నోళ్ల చేతులు నొయ్యవా?”

మాస్టరు వెళ్లి రాజును పిలుచుకొచ్చాడు. లింగారెడ్డి అప్పటికే రంగు పూసుకుని, మీసం దిద్దుకుని, కిరీటం పెట్టుకున్నాడు. నడుముకు కత్తి కూడా ఉంది. అంత దగ్గరగా కిరీటంలో ఉన్న మనిషితో మాట్లాడటం పెద్దమనుషులకే ఇబ్బందిగా ఉండింది. అమ్మ లేచి నిలబడింది.

“ఏమ్మా, ఇద్దర్ని కాపలా పెడతా. నా మనుషులు. ఈగను గూడా రానియ్యరు.”

“వాళ్లకెవరిని కాపలా పెడతావు రెడ్డప్పా?”

రాజు నడుముకున్న కత్తి సర్దుకున్నాడు.

“తాంబూలం తీసుకున్న్యా. మాట తప్పను,” అంది అమ్మ. “తలుపొస్తే రాణి వస్తాది. తలుపు రాకుంటే పొద్దున బస్సొస్తాది.”

నాకు ఆ క్షణంలో భయమేసింది. ఎందుకంటే ఇంట్లో నాయన పని ఆగి చాలా రోజులైంది. తాంబూలం తీసుకుని వేషం కట్టలేదని పేరొస్తే ఏ ఊరూ పళ్లెం పట్టుకుని రాదు. ఆ సంగతి అమ్మకు నాకంటే బాగా తెలుసు. ఆమె చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది. ముఖంలో మాత్రం ఏమీ లేదు. ఆ ముఖం ఆమెకు బాగా అలవాటు.

లింగారెడ్డి వెనక్కి తిరిగి ఊర్లోకి నడిచాడు. వెంట నలుగురు. కాసేపటికి వీధి మొదట్లో జనం లేచి నిలబడ్డారు. ముందర కిరీటంతో రాజు, వెనక నలుగురి భుజాల మీద ఒక టేకు తలుపు. ఇత్తడి పువ్వులు కొట్టిన తలుపు, రాజు సొంత ఇంటిది. పాతకాలపు తలుపులకు మడతబందులుండవు. కింద రాతిగుంటలో బొడ్డు తిరుగుతుంది, నలుగురు పట్టి ఎత్తితే ఊడివస్తుంది. నాటకం మొదలైందనుకుని డప్పులవాళ్లు వాయించడం మొదలుపెట్టారు. పిల్లలు ఈలలేశారు. ఊరేగింపు వచ్చి బడి గది ముందు ఆగింది. వడ్రంగి మేకులు కొట్టి, సందుల్లో రాళ్లు దోపి, దాన్ని ద్వారబంధంలో నిలబెట్టాడు. అమ్మ లోపలికి పోయి గడియ వేసి చూసింది, తీసి చూసింది, మళ్లీ వేసింది. నన్ను మొదటిసారి బస్తా మీద ఊరికే కూచోమంది. ఆ సాయంత్రం ఆమె నిదానంగా, పద్యం పాడుకుంటూ రంగు వేసుకుంది. అంత నిదానంగా ఆమె తయారవడం నేను అంతకు ముందు చూడలేదు.

నాటకం ఎప్పటిలాగే నడిచింది. రాజు మరిచిపోయాడు, రాణి ఏడ్చింది.

పొద్దెక్కాక తలుపును వెనక్కి మోసుకుపోతుంటే అమ్మ కూడా వెంట నడిచింది, కృతజ్ఞత చెప్పి వద్దామని. లింగారెడ్డి ఇంటి ముందర గడప మీద ఆయన భార్య సుంకమ్మ కూచుని ఉంది. పక్కన వేరుశనగల చేట, ఒళ్లో చింతబరికె. లోపల విత్తనం వేరుశనగ మూటలు, ఇత్తడి బిందెలు, బర్రెదూడ. వాకిలి నోరు తెరుచుకుని ఉంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నువ్వేనా కనకాంగి,” అంది.

“అవునమ్మా.”

“నీకు తలుపు కావల్సొచ్చె, నాకు తలుపు పోయె. ఊరంతా నాటకానికి పాయ. ఇంటి మీద ఎవరన్నా ఉండాల కదా. పొద్దుగూకినప్పట్నించి ఈడనే ఉండా.”

అమ్మ తలుపు వైపు, గడప వైపు చూసింది. ఆమెకు మాట దొరక్కపోవడం నాకు కొత్త. స్టేజీ మీద ఇతరులు మరిచిపోతే అందించేది ఆమే.

సుంకమ్మ అడిగింది. “మా ఆయప్ప బాగా పాడెనా?”

“నేను బాగా ఏడిస్తినమ్మా,” అంది అమ్మ.

సుంకమ్మ చేట వైపు ముఖం తిప్పుకుంది. భుజాలు కదిలినాయి. నవ్విందని నాకు ఇంటికి పోయాక అర్థమైంది.

అప్పుడు అమ్మ ఒక పని చేసింది. అలసిపోయిన మనిషి, ముఖం మీద ఇంకా కొబ్బరినూనె జిడ్డు, వెళ్లి ఆ గడప కింద మెట్టు మీద కూచుంది. హార్మోనియం లేదు, రాజు లేడు. రాణి తన భర్తను అడవికి పంపేటప్పుడు పాడే పద్యం ఎత్తుకుంది. రాజుకోసం పెట్టిన శృతిలో కాదు, తన శృతిలో. ఇంట్లో రొట్టె తడుతూ పాడుకునే శృతి అది, బయటివాళ్లు ఎవరూ వినలేదు. తలుపు మోస్తున్న నలుగురూ దాన్ని దింపకుండా అలాగే నిలబడ్డారు. సుంకమ్మ చేటలో వేరుశనగలు ఏరుతూనే వింది. నాటకాల్లో జనానికి నచ్చితే వన్స్‌మోర్ అని అరుస్తారు, అరిస్తే ఆర్టిస్టు గొంతు ఎలా ఉన్నా మళ్లీ పాడాలి. సుంకమ్మకు అలా అరవడం రాదు.

“ఇంగోసారి పాడు. నీకు శాతనైతేనే,” అంది.

శాతనైతేనే అని అమ్మను అడిగిన ప్రేక్షకురాలు ఆమె ఒక్కతే. అమ్మ ఇంకోసారి పాడింది.

తలుపు బిగించాక సుంకమ్మ లోపలికి పోయి ఒక గడియ తెచ్చింది. వెనక గదికని కమ్మరి దగ్గర చేయించి బిగించకుండా పెట్టుకున్నదట. “తలుపంటే మోసకపోల్యావు. ఇది పెట్టెలో పెట్టుకో. యాడికి పోయినా బిగించుకో. ఇంగో ఇంటి తలుపు మాత్రం పీకించొద్దు తల్లీ,” అంది.

ఆ రోజునుంచి అమ్మ గడియతో పాటు ఒక స్క్రూడ్రైవరు, నాలుగు మరలు పెట్టెలో పెట్టుకుంది. నా ఉద్యోగం పోయింది. తాంబూలం తెచ్చినవాళ్లను ఇంకో ప్రశ్న కూడా అడిగేది. తలుపుందమ్మా అంటే, “ఎవరిది?” అనేది. జవాబు చెప్పలేక కొందరు పళ్లెం వెనక్కి తీసుకుపోయేవాళ్లు. కనకాంగమ్మకు పొగరెక్కిందని, తలుపులు అడగని ఆర్టిస్టులు కడపలో కావలసినంతమంది ఉన్నారని అనేవాళ్లు. నిజమే, ఉండేవాళ్లు. పిలుపులు తగ్గినాయి. “వక్క కొనుక్కోవాల్సి వస్తాంది,” అన్నాడు నాయన ఒకరోజు. ఆ వేసవి అంతా మేము రాగి సంకటి, గోంగూర తిన్నాం, అమ్మ పద్యాలు రొట్టెలు లేకుండానే పాడుకుంది. కొన్నాళ్లకు కడపనుంచి వచ్చే ఒకావిడ కూడా తలుపు అడుగుతోందని మాస్టరు వచ్చి చెప్పాడు, ఏదో రోగం పాకుతున్నట్టు. అమ్మ ఆయనకు టీ పెట్టిచ్చింది. లింగారెడ్డి మాత్రం ఏటా పిలిచేవాడు. బడికి కొత్త తలుపు పెట్టించాడు. పీర్ల పండగ వచ్చినప్పుడు దానికి ఇద్దరిని కాపలా పెట్టేవాడు.

ఇదంతా విని కెజియ గడియను చేతిలో అటూ ఇటూ తిప్పింది.

“మాకు తలుపే లేదవ్వా,” అంది.

రాళ్ల దగ్గర హీరోకు ఒక పెద్ద బండి ఉందట, ఏసీ, మంచం, అద్దాలు అన్నీ ఉన్నది. హీరోయిన్‌కు ఒకటి. హీరోగారి వంటమనిషికి ఇంకొకటి, ఆయన నిమ్మకాయ అన్నం మాత్రమే తింటాడు కాబట్టి. ఈ అమ్మాయిలు మాత్రం రాయి వెనకాల దుప్పట్లు పట్టుకుని ఒకరి తరువాత ఒకరు బట్టలు మార్చుకుంటారు. ఆ దుప్పట్లను ఎవరూ ఎత్తనక్కర్లేదు, గాలి చాలు. ఇప్పుడు ఎత్తేవాళ్ల చేతుల్లో ఫోన్లు కూడా ఉంటాయి.

“మీ మేనేజరును అడగకూడదా?”

“అడిగితే ఏమీ అనరవ్వా. ఇంగోసారి పిలవరు, అంతే. నేను గాకుంటే ఇంగో అమ్మాయి. నేను నిలబడే చోట ఎవరు నిలబడినా ఒకటే.”

నేను అడగమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఆ పిల్ల అద్దె ఎలా కడుతుందో నాకు తెలియదు. నా పెన్షను నాకొస్తుంది, నేను ధైర్యం చెప్పడం తేలిక. పొద్దున లేచేసరికి పెట్టె మూసి ఉంది, గడియ లేదు.

మధ్యాహ్నం ఫోను చేసింది. వెనకాల జనరేటరు మోత. షూటింగు జరిగే చోటికి దగ్గర్లో పాత గోడౌను గది ఒకటి ఉందట. తలుపుంది, బయట గడియ ఉంది. లోపల కంపెనీవాళ్ల ప్లాస్టిక్ కుర్చీలు. ఈ పిల్ల మేనేజరు దగ్గరికి పోయి గది అడిగింది. అందులో కుర్చీలున్నాయమ్మా అన్నాడు. “కుర్చీలు బట్టలు మార్చుకోవు కదన్నా,” అంది. ఆయన నవ్వి రేపు చూద్దామన్నాడు. కెజియ గడియను ఆయన ముందున్న బల్ల మీద పెట్టి, వచ్చి రాయి నీడలో కూచుంది. పక్కన ఇంకో అమ్మాయి కూచుంది. తరువాత తక్కినవాళ్లు. ఎండ పైకెక్కుతోంది, డైరెక్టరుకు కావలసింది పొద్దుటి ఎండ. చివరికి ఆర్టు డిపార్టుమెంటు వడ్రంగి వచ్చి గడియ బిగించాడు.

నా నోట్లో ఆ ప్రశ్న దానంతటదే వచ్చింది. “ఆ గది ఎవరిదే? ఎవర్ని బయటికి పంపించినారు?”

“నువ్వు అడుగుతావని తెలుసవ్వా. కుర్చీలను. ఎండలో ఉండాయి, ఏమీ అనలేదు,” అంది.

పాట అయిపోయి హైదరాబాదు పోయేముందు ఇంటికొచ్చింది. సంచి దులిపినా గడియ కనబడలేదు. మళ్లీ దులిపాను. మా అమ్మ చెయ్యి పడిన వస్తువు.

“ఊడదీయబోతిని. మా వెనకాల ఇంగో గుంపు వస్తాదంట, ఫైటింగులో ఊరి ఆడోళ్ల వేషాలకు. ఆళ్లు ఏం జేస్తారు? అందుకే ఇడ్సిపెట్టొచ్చినా. కోపం జేసుకోవాకవ్వా,” అంది.

కోపం వచ్చిన మాట నిజం. అన్నం పెట్టి, కూర రెండోసారి వడ్డించేలోపల పోయింది.

ఆ సినిమా తరువాతి షెడ్యూలు అయిపోయింది. కెజియకు పిలుపు రాలేదు. ఆమె నిలబడే చోట ఇంకో అమ్మాయి నిలబడింది, నిజంగానే తేడా తెలియలేదట. మేనేజరు మంచిగానే మాట్లాడాడట, తప్పకుండా చూద్దాం అన్నాడట. ఇప్పుడు వేరే కంపెనీలకు తిరుగుతోంది. నిన్న ఫోనులో గొంతు బాగానే ఉంది. బాగానే పెట్టుకుంది. ఆ గొంతు మా ఇంట్లో వంశపారంపర్యం, నాకు తెలియకుండా పోదు. ఫోను పెట్టేశాక నేను చాలాసేపు ఏడ్చాను, అమ్మలాగా ఎవరికో పాదం అందించడానికి కాదు.

ఈ పొద్దున కొండారెడ్డి బురుజు దగ్గరున్న ఇనుప సామాన్ల అంగడికి పోయాను. లోపలివైపు వేసే గడియ ఇమ్మన్నాను. అంగడాయన ఖాదర్ బాషా మనిషి నెమ్మదస్తుడు, రకరకాలవి తీసి బల్ల మీద పరిచాడు.

“తలుపు టేకుదా, ఇనుముదా మేడమ్? మందమెంత ఉండాది?”

“తెలీదప్పా. తలుపు ఇంగా యాడా లేదు. గడియ ఇయ్యి.”

ఆయన అన్నిటికంటే గట్టిదాన్ని తీసి, మరలతో సహా కాగితంలో చుట్టిచ్చాడు.